షుగర్, బీపీ సేవకి పల్లెల్లో జనం ఎంత కడతారో ఎలా కొలవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. మీరు గుంటూరులో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చదువుతున్నారు. ప్రాజెక్టు కోసం తెనాలి చుట్టుపక్కల మూడు ఊళ్ళు తీసుకున్నారు. షుగర్, బీపీ ఉన్నవాళ్ళ ఇంటికి నెలకోసారి నర్సు వచ్చి పరీక్ష చేసి, మందులు సరిగ్గా వేసుకుంటున్నారో లేదో చూసి వెళ్ళే సేవ ఒకటి పెడితే, దానికి జనం నెలకి ఎంత కట్టడానికి ఇష్టపడతారో కొలవాలి. “ఎంత ఇస్తారండీ?” అని అడిగితే సగం మంది “మీ ఇష్టం, మీరే చెప్పండి” అంటున్నారు. కొందరు సున్నా అంటున్నారు. ఒకాయన వెయ్యి అన్నారు. సగటు తీస్తే వచ్చిన అంకె మీకే నమ్మబుద్ధి కావడం లేదు.

నేరుగా జవాబు: “ఎంత ఇస్తారు” అని అడగకండి. ధర మీరే చెప్పి, “ఈ ధరకి తీసుకుంటారా, తీసుకోరా” అని అడగండి. ఒక్కో ఇంటికి ఒక్కో ధర వచ్చేలా ముందే లాటరీ వేసినట్టు పంచి పెట్టుకోండి. అవునన్నవాళ్ళని “ఖచ్చితంగానా, లేక చూద్దాంలే అన్నట్టా” అని అడగండి. ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తారో అడగండి. కాదన్నవాళ్ళని ఎందుకు వద్దో అడగండి. వీటిలో డబ్బు ఎక్కడినుంచి అన్న ప్రశ్నని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. నా పనిలో నేను చేసిన పెద్ద తప్పు అక్కడే జరిగింది, దాని గురించి కింద రాస్తాను.

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఆరోగ్య సర్వేలు మొదలుపెట్టి నాకు ఇరవై ఏళ్ళు దాటింది. మొదట ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపాను, తర్వాత ఫారాలు తయారుచేశాను, ఇప్పుడు ఎక్కువగా లెక్కలు చూస్తున్నాను. మీకొచ్చిన జవాబులు మూడూ నాకూ వచ్చాయి.

ముందు ఆ జవాబులు ఎందుకొస్తాయో చూద్దాం. కూరగాయల బండి దగ్గరైనా, బట్టల కొట్లోనైనా మనకి ధర చెప్పేది అమ్మేవాడే. ఎంతకి కొంటావని మనల్ని ఎవరూ అడగరు. అడిగితే బేరం మొదలైందనుకుంటాం, తక్కువ చెబుతాం. మీకొచ్చిన సున్నాల్లో కొన్ని బేరం సున్నాలు. “మీ ఇష్టం” అన్నవాళ్ళు తప్పించుకోవడం లేదు, ఆ సేవ ధర ఎంతుంటుందో నిజంగానే వాళ్ళకి అంచనా లేదు. ఇక వెయ్యి అన్నాయన సంగతి. ఆయన అరుగు మీద నలుగురి మధ్య కూర్చుని చెప్పారా, ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు చెప్పారా? నా అనుభవంలో పెద్ద అంకెలు ఎక్కువగా అరుగుల మీద వస్తాయి. పక్కవాడు 200 అన్నాక 100 అని చెప్పడానికి ఎవరికైనా నామోషీగానే ఉంటుంది.

దీన్ని తప్పించడానికి మేం మొదట్లో బేరం పద్ధతి వాడాం. ఒక ధరతో మొదలుపెట్టి, సరే అంటే పెంచుకుంటూ, వద్దంటే తగ్గించుకుంటూ వెళ్ళాలి. ఒక ఊళ్ళో నేను 50 దగ్గర మొదలుపెట్టాను, నాతో వచ్చినాయన 200 దగ్గర మొదలుపెట్టారు. ఒకే వీధి, ఎదురెదురు వరసలు. సాయంత్రం కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే అవి రెండు వేరే ఊళ్ళలా ఉన్నాయి. మొదట చెప్పిన అంకె మనిషి మనసులో మేకులా దిగిపోతుంది, ఆ తర్వాత దాని చుట్టూనే తిరుగుతాడు. అంటే మేం కొలిచింది వాళ్ళ మనసులో ఉన్న ధరని కాదు, మేం మొదలుపెట్టిన అంకెని. ధరలన్నీ ఒక కార్డు మీద వరసగా రాసి చూపించి ఒకటి ఎంచుకోమనే పద్ధతి ఇంకొకటి ఉంది. బేరం పద్ధతికంటే ఈ కార్డు పద్ధతి కొంచెం మెరుగే. కానీ కార్డులో పైన ఎంత రాశారో, కింద ఎంత రాశారో దాన్నిబట్టి జవాబు జరుగుతుంది, చాలామంది మధ్య అంకె మీదే వేలు పెడతారు. చదువురాని పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళలో కార్డు అసలు పనిచేయదు.

ధర చెప్పి అవునో కాదో అడిగే పద్ధతికి బలం ఎక్కడినుంచి వచ్చిందో మీ వైవాలో (నోటి పరీక్షలో) అడుగుతారు, గుర్తుపెట్టుకోండి. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే నౌక నుంచి ముడిచమురు సముద్రంలోకి పోయింది. మార్కెట్లో ధర లేని సముద్రానికీ పక్షులకూ జరిగిన నష్టాన్ని డబ్బుల్లో ఎలా కట్టాలి, జనాన్ని అడిగి చెప్పించిన అంకెలని కోర్టులో నమ్మవచ్చా అన్న వివాదం పెద్దదైంది. సముద్రం, వాతావరణం చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా దీని మీద ఒక నిపుణుల సంఘం వేసింది. దానికి కెనెత్ ఆరో, రాబర్ట్ సోలో అధ్యక్షత వహించారు, ఇద్దరూ నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలే. 1993లో వాళ్ళిచ్చిన నివేదిక చెప్పిన ముఖ్యమైన మాటలు మనకి ఇప్పటికీ పనికొస్తాయి. ఓటు అడిగినట్టు ఒక ధర చెప్పి అవునా కాదా అని అడగాలి. ఎదురుగా కూర్చుని అడగాలి. వాళ్ళ దగ్గరున్న డబ్బు పరిమితమని, ఇదే పని తీరే వేరే దారులు కూడా ఉన్నాయని గుర్తుచేశాకే అడగాలి. వచ్చిన జవాబులో అనుమానం ఉంటే తక్కువ వైపే మొగ్గాలి.

అయితే అవును-కాదు పద్ధతికి మన దగ్గర పెద్ద జబ్బు ఒకటి ఉంది. దాని పేరు మొహమాటం. ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి, కుర్చీ వేసి, చివర్లో “వద్దండీ” అనడం మనవాళ్ళకి కష్టం. అందులోనూ మీరు కాలేజీ పిల్లలు, ఎండలో నడిచొచ్చారు. “సరే రాసుకోమ్మా, నీకు మార్కులొస్తాయంటే ఎందుకు కాదంటాం” అన్న పెద్దావిడలని నేను చూశాను. ఇక ఊరి ఆశా వర్కర్ పక్కనే నిలబడి ఉంటే చెప్పక్కర్లేదు, అందరూ అవుననే అంటారు. ఆవిణ్ణి ఇల్లు చూపించడం వరకు రమ్మనండి, ప్రశ్నలు అడిగేటప్పుడు మాత్రం వద్దు.

ఈ మొహమాటానికి మందు, నేను పైన చెప్పిన “ఖచ్చితంగానా?” అనే ప్రశ్న. అవునన్నవాళ్ళలో “ఖచ్చితంగా తీసుకుంటాం” అన్నవాళ్ళని మాత్రమే అవును కింద లెక్కేయండి. “తీసుకోవచ్చు” అన్నవాళ్ళని కాదు కిందే వేయండి. ఇది నా సొంత తెలివి కాదు. అమెరికాలో ఫార్మసిస్టులు షుగర్ రోగులకి ఇచ్చే ఒక సేవ మీద ఇలాంటి ప్రయోగమే చేశారు, 2008లో అది ప్రచురితమైంది. కొందరికి ఊరికే మాటగా అడిగారు, కొందరికి నిజంగా డబ్బు తీసుకుని అమ్మారు. మాటగా అవునన్నవాళ్ళు నిజంగా కొన్నవాళ్ళకంటే ఎక్కువే. కానీ “ఖచ్చితంగా” అన్నవాళ్ళని మాత్రమే లెక్కేస్తే అది నిజంగా కొన్నవాళ్ళ లెక్కకి దగ్గరగా వచ్చింది. మీ అంశానికి ఇంత దగ్గరగా ఉన్న ప్రయోగం ఇంకోటి దొరకడం కష్టం.

మాటకీ డబ్బుకీ మధ్య దూరం ఎంతుంటుందో నాకు విజయవాడలో తెలిసొచ్చింది. ఒక ప్రైవేటు ఆసుపత్రి కుటుంబ హెల్త్ కార్డు పెట్టాలనుకుంది. కృష్ణలంక, ఆటోనగర్ వైపు ఇళ్ళు తిరిగి అడిగి పెట్టాం. ఫలానా ధరకి ఎక్కువ మందే తీసుకుంటామన్నారు. మేం నివేదిక ఇచ్చాం, వాళ్ళు కార్డులు అచ్చు వేయించారు. అవునన్న ఇళ్ళకే తిరిగి వెళ్ళి అమ్మబోతే గుమ్మంలోనే “ఈ నెల వద్దులెండి” అన్నారు. వాళ్ళేమీ అబద్ధం చెప్పలేదు. మేం అడిగిన రోజున డబ్బు తీయాల్సిన అవసరం లేదు కాబట్టి ఆ నెల ఇంటద్దె, పిల్లల ఫీజు వాళ్ళకి గుర్తురాలేదు, మేం గుర్తుచేయలేదు.

కాబట్టి ప్రశ్న చదివే ముందు చెప్పే నాలుగు మాటలే మీ సర్వేకి ప్రాణం. నేనైతే మీ సేవకి ఇలా రాస్తాను, మీ ఊళ్ళ మాటకి తగ్గట్టు మార్చుకోండి:

“నెలకోసారి ఒక నర్సు మీ ఇంటికే వస్తుంది. షుగర్, బీపీ చూస్తుంది. మందులు వేసుకుంటున్నారో లేదో చూసి, తేడా ఉంటే డాక్టరు గారికి ఫోన్ చేసి చెబుతుంది. మందులు మాత్రం తను ఇవ్వదు. ఈ సేవ ఇప్పుడు మన ఊళ్ళో లేదు, వస్తుందని నేను మాట కూడా ఇవ్వడం లేదు. పీహెచ్‌సీకి వెళితే ఈ పరీక్షలు, మందులు ఉచితంగానే దొరుకుతాయి, అది మీకు ఎప్పుడూ ఉంటుంది. నర్సు ఇంటికి వస్తే నెలకి 100 రూపాయలు, వచ్చిన రోజే చేతికివ్వాలి. ఆ 100 ఇస్తే ఆ నెల ఇంట్లో ఇంకో ఖర్చుకి 100 తగ్గుతుంది. చాలామంది మాతో సరే అని, తీరా కట్టాల్సి వచ్చేసరికి వద్దనుకుంటారు, అందులో తప్పేమీ లేదు. మీరు వద్దన్నా మాకు పనికొస్తుంది. ఇవన్నీ ఆలోచించుకుని చెప్పండి, నెలకి 100 అయితే తీసుకుంటారా, తీసుకోరా?”

ఆ 100 ఉన్నచోట ఒక్కో ఫారంలో ఒక్కో ధర ఉండాలి, అది ఇంటి గుమ్మం ఎక్కకముందే రాసి ఉండాలి. వాళ్ళ ఎదురుగా చీటీ తీసి ధర చెబితే ఇదేదో ఆట అనుకుంటారు. ధరలు ఎలా ఎంచుకోవాలంటే, ముందు ఒక ముప్పై ఇళ్ళలో ఇప్పుడు మీరడిగినట్టే “ఎంత ఇస్తారు” అని అడగండి. ఆ పద్ధతి ఇక్కడ ఒక్కచోట పనికొస్తుంది. దాదాపు అందరూ సరేననే ధర, దాదాపు ఎవరూ ఒప్పుకోని ధర, మధ్యలో మూడు, మొత్తం ఐదు చాలు. మొదటి ధరకి అవునంటే ఇంకొంచెం ఎక్కువకి, కాదంటే తక్కువకి రెండో ప్రశ్న అడిగే పద్ధతి కూడా ఉంది. లెక్కలో కొంచెం గట్టిదనం వస్తుంది. కానీ రెండో జవాబులో మళ్ళీ బేరం వాసన వస్తుంది, అందుకే నేను మొదటి జవాబుతోనే ముఖ్యమైన లెక్క వేస్తాను.

ఎవరిని అడగాలి? డబ్బు తీసి చేతికిచ్చేవాళ్ళని. మన ఊళ్ళలో భర్త “300 అయినా ఇస్తాం” అంటాడు, నర్సు వచ్చిన రోజు ఆయన పొలంలో ఉంటాడు, ఇచ్చేది ఇంట్లో ఆవిడ. డ్వాక్రా కిస్తీ, పాల డబ్బు, పిల్లల బస్సు ఫీజు అన్నీ ఆవిడ వేళ్ళ మీద లెక్కుంటాయి. జబ్బు అత్తగారిది, డబ్బు కోడలిది అయినప్పుడు ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి అడగకండి. కోడలు అవునని తీరాలి, అత్తగారు “నాకెందుకమ్మా ఈ వయసులో” అని తీరాలి. రెండూ నిజమైన జవాబులు కావు.

ఎప్పుడు అడగాలన్నది కూడా ముఖ్యమే. మిర్చి అమ్మిన డబ్బు చేతిలో ఉన్నప్పుడు, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో అడిగితే ఒక అంకె వస్తుంది. నాట్లకీ ఎరువులకీ అప్పు తెచ్చుకునే జూలై, ఆగస్టుల్లో అడిగితే ఇంకో అంకె వస్తుంది. మీకు ఒకసారే వెళ్ళే వీలుంటే నివేదికలో ఏ నెలలో అడిగారో స్పష్టంగా రాయండి. కూలి వాళ్ళకి నెలకోసారి 100 కంటే వారానికి 25 తేలిక. రైతు ఇంట్లో పంట మీద ఒకేసారి ఇవ్వడం తేలిక. డబ్బు కట్టే తీరు మారితే జవాబు మారుతుంది, అందుకే ఒక తీరు నిర్ణయించుకుని అందరికీ అదే చెప్పండి.

ఇప్పుడు సున్నాల సంగతి. ఏ ధర చెప్పినా వద్దన్నవాళ్ళని ఎందుకని అడిగితే రెండు రకాల జవాబులొస్తాయి. “మాకు అవసరం లేదు”, “అంత డబ్బు లేదు” అనేవి నిజమైన సున్నాలు. “ఇది గవర్నమెంటు చూసుకోవాలి”, “మాకు కార్డు ఉంది కదా”, “మీరు ఏ పార్టీ తరఫున వచ్చారు?” అనేవి వేరే. వీటిని నిరసన సున్నాలు అంటారు. వాళ్ళు సేవకి విలువ లేదనడం లేదు, డబ్బడగడమే తప్పంటున్నారు. మన రాష్ట్రంలో ఇవి ఎక్కువే వస్తాయి, దానికి కారణం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. తర్వాత ప్రభుత్వాలతో పాటు పేరు మారుతూ వచ్చినా జనం నోట్లో అది ఆరోగ్యశ్రీనే. పెద్ద ఆపరేషనుకి డబ్బు కట్టక్కర్లేదన్న భరోసా తెల్ల కార్డు ఇళ్ళకి దానివల్ల వచ్చింది. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి, నెలనెలా షుగర్ చూపించుకోవడానికి కాదు. ఈ తేడా చాలామందికి స్పష్టంగా తెలియదు. మీరు వాదించకండి, తేడా చెప్పి జవాబు రాసుకోండి. నివేదికలో నిరసన సున్నాలతో కలిపి ఒక లెక్క, అవి తీసేసి ఒక లెక్క, రెండూ ఇవ్వండి. చాలామంది వాటిని చడీచప్పుడు లేకుండా తీసేస్తారు. “ఇది మా హక్కు” అన్న మనిషి మాట లెక్కల్లోంచి మాయం కావడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఇంకో భయం కూడా ఉంటుంది. ట్యాబ్ పట్టుకుని వెళితే రేషన్ కార్డు తీసేయడానికి వచ్చారనుకుంటారు. ఎక్కువ ధరకి అవునంటే డబ్బున్నవాళ్ళమని రాసుకుంటారేమో అని తగ్గించి చెబుతారు. కాగితం ఫారం పట్టుకెళ్ళండి, ఆదాయం ప్రశ్న చివర్లో అడగండి, కాలేజీ ఉత్తరం చూపించండి.

ఇక నా తప్పు. పొన్నూరు వైపు ఒక ఊళ్ళో గుండె పరీక్షల ప్యాకేజీ గురించి అడుగుతున్నాం. కౌలు రైతు ఇల్లు. ఆయనకి అప్పటికే ఆయాసం ఉంది. నేను చెప్పాల్సిన ధర 3,000. ఆయన భార్య ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తీసుకుంటామంది. ఫారంలో టిక్ పెట్టి, ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగుతున్నాను. అప్పుడు అడిగింది, “ఎప్పుడు కట్టాలి బాబూ? ముందే చెబితే కమ్మలు కుదవ పెట్టి తెస్తాను” అని. నేను ప్యాకేజీ ఇంకా రాలేదని చెప్పి లేచాను. ఆ టిక్ అలాగే ఉంది. నివేదికలో “పేద కుటుంబాల్లో కూడా చెల్లించే సుముఖత ఎక్కువగా ఉంది” అని వాక్యం రాసింది నేనే. ఆ వాక్యం చదివినవాళ్ళకి ఆవిడ చెవి కమ్మలు కనిపించవు, పేదవాళ్ళు కూడా 3,000 పెట్టగలరని మాత్రమే కనిపిస్తుంది.

ఇష్టం వేరు, స్తోమత వేరు. ప్రాణం మీదికి వస్తే ఎవరైనా ఎంతైనా పెడతారు. పొలం అమ్ముతారు, మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. దాన్ని సుముఖత అని రాయడం న్యాయం కాదు, వాళ్ళకి వేరే దారి లేదు. అందుకే అప్పటినుంచి నా ప్రతి ఫారంలో అవునన్నాక ఒక ప్రశ్న ఉంటుంది: “ఈ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?” నాలుగు గడులు. రోజూ చేతిలో ఉండే డబ్బులోంచి. ఇంట్లో ఏదో ఒకటి తగ్గించుకుని. అప్పు చేసి. ఏదైనా అమ్మి లేదా కుదవ పెట్టి. రెండో గడిలో టిక్ పడితే ఏం తగ్గిస్తారో కూడా రాయించండి. “కూరలో నూనె”, “పిల్లల ట్యూషన్” అని మాట్లాడినట్టే రాసుకోండి. మూడు, నాలుగు గడుల్లో పడ్డవాళ్ళని విడిగా లెక్కేయండి, సుముఖత కింద కలపకండి. స్తోమత కొలవడానికి ప్రపంచవ్యాప్తంగా వాడే గీటురాళ్ళు ఉన్నాయి. ఇంటి మొత్తం ఖర్చులో వైద్యం ఖర్చు 10 శాతం దాటిందా, 25 శాతం దాటిందా అని చూస్తారు. తిండి ఖర్చు పోగా మిగిలినదాంట్లో 40 శాతం దాటిందా అన్నది ఇంకోటి. మీ సేవ చిన్న ధరది కాబట్టి అది ఒక్కటే ఈ గీత దాటదు, కానీ ఆ ఇల్లు ఇప్పటికే మందులకి ఎంత పెడుతుందో దానికి మీ ధర కలిపి చూడండి.

పెద్ద జబ్బులకి ఈ పద్ధతి వాడొద్దని నేను చెబుతాను. మీలాంటి చిన్న, నెలనెలా నడిచే, కావాలంటే మానుకోగలిగే సేవకి మాత్రం ఇది బాగా పనికొస్తుంది. మీ అంశం మంచి ఎంపిక.

లెక్క ఎలా ఉంటుందో చూపిస్తాను. ఈ అంకెలు వివరించడానికి నేను ఊహించినవి, ఏ ఊరివీ కావు. 400 ఇళ్ళు, ఐదు ధరలు, ఒక్కో ధరకి 80 ఇళ్ళు అనుకుందాం. ఖచ్చితంగా అవునన్నవాళ్ళు 50 రూపాయల దగ్గర 85 శాతం, 100 దగ్గర 70, 150 దగ్గర 50, 200 దగ్గర 30, 300 దగ్గర 10. సగం మంది ఒప్పుకునే ధర 150, అదే మధ్యస్థం. కంప్యూటర్ మోడల్ లేకుండా సగటు కూడా కట్టవచ్చు. 50కి ఒప్పుకుని 100కి ఒప్పుకోనివాళ్ళు, 85లోంచి 70 తీసేస్తే, 15 శాతం, వాళ్ళకి తక్కువ వైపు 50 అనే రాయండి. 100కీ 150కీ మధ్య 20 శాతం, వాళ్ళకి 100. అలాగే తర్వాతి 20 శాతానికి 150, ఆ తర్వాతి 20 శాతానికి 200, చివరి 10 శాతానికి 300, 50కే వద్దన్న 15 శాతానికి సున్నా. అన్నీ కూడితే 127 రూపాయల 50 పైసలు వస్తుంది. ఇది తక్కువలో తక్కువ సగటు, ఎవరడిగినా నిలబడే అంకె. లాజిట్ మోడల్ (అవును-కాదు జవాబులకి వాడే గణాంక పద్ధతి) కూడా వేయండి, కానీ ఈ చేతి లెక్క పక్కన పెట్టి చూపించండి.

ఇప్పుడు ఇదే పట్టికని ఇంకోలా చూడండి. 100 ఇళ్ళ ఊళ్ళో 100 రూపాయలు పెడితే 70 ఇళ్ళు, నెలకి 7,000 వస్తుంది. 150 పెడితే 50 ఇళ్ళు, 7,500 వస్తుంది. ఎక్కువ డబ్బొచ్చే ధర 150. కానీ ఆ అదనపు 500 కోసం 20 ఇళ్ళు సేవకి దూరమవుతాయి. ఆ 20 ఇళ్ళు ఎవరివి? మీ సర్వేలో పొలం లేని కూలి ఇళ్ళని విడిగా లెక్కేస్తే మీకే తెలుస్తుంది. దయచేసి ఒక్క సగటు అంకె ఇచ్చి ఊరుకోకండి. ఏ ధర దగ్గర ఎవరు జారిపోతారో ఆ పట్టిక మొత్తం ఇవ్వండి, ధర పెట్టేవాళ్ళకి అసలు కావలసింది అదే.

ఒక్కో ధరకి 80 ఇళ్ళుంటే, 50 శాతం అన్న అంకె అటూ ఇటూ 11 పాయింట్ల దాకా, అంటే 39 నుంచి 61 శాతం దాకా, ఊగుతుంది. 20 ఇళ్ళే ఉంటే 22 దాకా ఊగుతుంది. కాబట్టి ఇళ్ళు తక్కువైతే ధరలు తగ్గించుకోండి.

ఇంకో పరీక్ష తప్పకుండా పెట్టండి. సగం ఇళ్ళకి నెలకోసారి నర్సు వస్తుందని, సగం ఇళ్ళకి నెలకి రెండుసార్లు వస్తుందని చెప్పండి. రెండుసార్లు వచ్చే సేవకి ఎక్కువ ధర ఒప్పుకోవాలి కదా. రెండింటికీ ఒకే అంకె వస్తే, జనం మీ సేవకి కాదు, “మంచి పని” అన్న భావనకి అవునన్నారని అర్థం. అమెరికాలో ఒక ప్రసిద్ధమైన సర్వేలో చమురు గుంటల్లో పడి చనిపోయే వలస పక్షులని కాపాడడానికి ఎంత ఇస్తారని అడిగారు. 2,000 పక్షులకి సగటున 80 డాలర్లు, 20,000 పక్షులకి 78, 2,00,000 పక్షులకి 88 అని వచ్చింది. పక్షులు వందరెట్లు పెరిగినా జవాబు అక్కడే ఉంది.

ఆదాయంతో కూడా పోల్చి చూడండి. మన దేశంలో గ్రామీణ పేదల మధ్య ఆరోగ్య బీమాకి ఎంత కడతారని అడిగిన అధ్యయనం ఒకటి 2007లో వెలువడింది. దాదాపు సగం మంది ఇంటి ఏడాది ఆదాయంలో కనీసం 1.35 శాతం కట్టడానికి ఒప్పుకున్నారు. అది బీమా, మీది సేవ, నేరుగా పోల్చలేం. కానీ మీకు 5 శాతం, 6 శాతం అని వస్తే ఫారంలో ఎక్కడో తేడా ఉందని అనుమానించండి.

వీలైతే చివర్లో ఒక ఇరవై ముప్పై ఇళ్ళలో నిజం డబ్బుతో చూడండి, ముందు మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని. ఒక్కసారి షుగర్ పరీక్ష కూపన్ అమ్ముతారు. కవరులో ఒక ధర దాచి ఉంటుంది. కొనే మనిషి ముందు తను ఇవ్వగలిగిన ఎక్కువ ధర చెబుతాడు. కవరులో ధర అంతకంటే తక్కువైనా సమానమైనా కవరు ధరకే కూపన్ ఇస్తారు, ఎక్కువైతే అమ్మరు, తర్వాత బేరం లేదు. తగ్గించి చెబితే కూపన్ పోతుంది, పెంచి చెబితే ఇష్టం లేని ధరకి కొనాల్సొస్తుంది, అందుకే నిజం చెప్పడమే లాభం. 1964లో ముగ్గురు పరిశోధకులు ప్రతిపాదించిన పద్ధతి ఇది, ఘనాలో నీళ్ళ ఫిల్టర్లతో పల్లెల్లో కూడా చేశారు. ముందు ఒక సబ్బుతో రిహార్సల్ చేసి చూపించండి, లేకపోతే అర్థం కాదు. ఇక్కడ మాత్రం కవరు వాళ్ళ చేతే తీయించాలి.

మీ అంకెని ఎవరైనా “అయితే ఫీజు పెట్టేద్దాం” అనడానికి వాడుకునే ముందు ఈ రెండు సంగతులు నివేదికలో ఉండాలని కోరుకుంటాను. కెన్యాలో గర్భిణులకి దోమతెరలు ఉచితంగా ఇవ్వకుండా 60 సెంట్లకి అమ్మితే తీసుకునేవాళ్ళు 60 శాతం పాయింట్లు, అంటే ప్రతి వందమందిలో 60 మంది, తగ్గారు. అదే దేశంలో బళ్ళలో నులిపురుగుల మందుకి చిన్న రుసుము పెడితే తీసుకునే పిల్లలు 80 శాతం తగ్గారు. వాళ్ళకి ఆ మందు అక్కర్లేక కాదు. రేపు రాబోయే జబ్బుని ఆపడానికి ఈ రోజు డబ్బు తీయడం చేతిలో డబ్బు తక్కువున్నవాళ్ళకి చాలా కష్టం. షుగర్, బీపీ కూడా అలాంటివే, నొప్పి తెలియదు. “కాదు” అన్నవాళ్ళకి ఈ సేవ అనవసరమని మాత్రం దయచేసి రాయకండి.

ముందు ఒక్క వీధిలో పదిహేను ఇళ్ళు చేసి చూడండి. ధరలు ఏవి తీసుకున్నారో, నిరసన సున్నాలు ఎన్ని వచ్చాయో, అవునన్నవాళ్ళలో అప్పు చేసి కడతామన్నవాళ్ళు ఎంతమందో రాయండి. వాటిని చూసి ధరలు ఎలా సర్దుకోవాలో చెబుతాను.